ముప్పై ఏళ్ల ఖాతా ఉన్నా రెండో కార్డుతో లిమిట్ ఎందుకు పెరగలేదు?

మా బాబాయి విజయవాడలో హైస్కూల్ హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. గవర్నర్‌పేటలోని ఒక బ్యాంకులో ఆయనకు 1993 నుంచి ఖాతా ఉంది. జీతాలు బ్యాంకులో వేయడం మొదలైన రోజు నుంచి ఆయన జీతం అక్కడే పడింది, ఇప్పుడు పెన్షన్ పడుతోంది. 11 లక్షల ఎఫ్‌డీలు కూడా ఆ బ్రాంచిలోనే ఉన్నాయి. ఆ బ్యాంకు క్రెడిట్ కార్డు ఒకటి ఏడేళ్లుగా వాడుతున్నారు. దాని లిమిట్ 60 వేలు. ఇంతవరకు ఒక్క బిల్లు కూడా గడువు దాటలేదు.

పెట్రోలు మీద కొంత తిరిగి వస్తుందని ఈమధ్య అదే బ్యాంకులో ఇంకో రకం కార్డుకు దరఖాస్తు పెట్టారు. పది రోజుల్లో కార్డు ఇంటికొచ్చింది. యాప్‌లో చూస్తే దాని కిందా 60 వేలని ఉంది. మొత్తం లక్షా 20 వేలు అయిందనుకున్నారు. కానీ పాత కార్డు మీద 20 వేలు పెట్టి ఫ్రిజ్ కొనగానే, ఇంకా కవరులోంచి సరిగా తీయని కొత్త కార్డులో కూడా 40 వేలే మిగిలినట్టు కనిపించింది. బ్రాంచికి వెళ్లి అడిగితే, "అది మా చేతుల్లో ఉండదు మాస్టారూ, పైనుంచి సిస్టమే ఇస్తుంది" అన్నారట.

ఆయన కోడలు గుంటూరు బ్రాడీపేటలో ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అదే బ్యాంకులో జీతం ఖాతా తెరిచి ఏడాది కూడా కాలేదు. ఆమెకు యాప్‌లో రెండున్నర లక్షల లిమిట్‌తో కార్డు సిద్ధంగా కనిపించింది.

"ముప్పై ఏళ్లు ఒక్క చోటే నమ్మకంగా ఉన్నాను కదయ్యా, వాళ్ల దృష్టిలో నా విలువ 60 వేలేనా?" అని బాబాయి నన్నడిగారు. ఆయనకు డబ్బు అవసరం లేదు. ఆ మాట వెనకున్న బాధ మాత్రం నిజం. ఇలాంటి ప్రశ్న ఆయన ఒక్కరిదే కూడా కాదు, బీసెంట్ రోడ్డు షాపుల్లోనూ ఆటోనగర్ షెడ్లలోనూ చాలామంది ఇదే అడుగుతుంటారు. అందుకే దీన్ని మొదటి నుంచి విప్పి చూద్దాం.

లిమిట్ కార్డుకు ఇస్తారా, మనిషికి ఇస్తారా

క్రెడిట్ లిమిట్ అంటే, సాధారణంగా తాకట్టు లేకుండా, మళ్లీ మళ్లీ అడగనవసరం లేకుండా మీరు బ్యాంకు దగ్గర వాడుకోగల అప్పు హద్దు. 60 వేల లిమిట్ ఇచ్చారంటే, ఆ 60 వేలను మీరు ఏ రోజైనా, ఏ కారణానికైనా వాడేయవచ్చని బ్యాంకు ఒప్పుకుందన్నమాట. మీరు వాడకపోయినా, ఆ లిమిట్ తగ్గించేదాకా బ్యాంకు ఆ మాటకు కట్టుబడి ఉండాలి. సాధారణంగా మనిషి లిమిట్ మొత్తం వాడేది చేతిలో డబ్బు ఆడని రోజుల్లోనే. బ్యాంకు భయమంతా ఆ రోజుల గురించే.

అందుకే బ్యాంకు లోపల మొదట తేల్చేది, 'ఈ మనిషికి తాకట్టు లేకుండా మొత్తం ఎంతవరకు ఇవ్వవచ్చు' అన్న సంఖ్య. ఆ తర్వాతే అది ఏ కార్డు, ఎన్ని కార్డులు అన్న మాట వస్తుంది. ఇంటి మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఉందనుకోండి. వంటింట్లో ఒక కుళాయి ఉన్నా, పెరట్లో ఇంకోటి పెట్టించినా నీళ్లు వెయ్యి లీటర్లే. మన దేశంలో చాలా బ్యాంకులు ఒకే మనిషికి ఇచ్చిన రెండు మూడు కార్డులను ఇలాగే ఒకే ట్యాంకుకు కలుపుతాయి. దీన్నే ఉమ్మడి లిమిట్ అంటారు.

బాబాయి విషయంలో జరిగింది ఇదే. పాత కార్డు మీద 20 వేలు వాడారు, ఉమ్మడి హద్దు 60 వేలు, కాబట్టి రెండు కార్డుల మీదా కలిపి మిగిలింది 40 వేలు. కొత్త కార్డు మీద ఇప్పుడు 15 వేల పెట్రోలు కొట్టిస్తే రెండింటిలోనూ 25 వేలని కనిపిస్తుంది. యాప్‌లో ఒక్కో కార్డు కిందా హద్దు మొత్తాన్ని చూపించడం వల్ల, రెండూ కూడాలేమో అన్న పొరపాటు ఎవరికైనా కలుగుతుంది.

ఇంట్లోవాళ్ల పేరు మీద తీసుకునే యాడ్-ఆన్ కార్డుదీ ఇదే దారి. పిన్ని పేరుతో కార్డు వచ్చినా ఆమె ఖర్చు పెట్టేది బాబాయి లిమిట్‌లోంచే, బిల్లు బాధ్యతా ఆయనదే.

అన్ని బ్యాంకులూ ఇలాగే చేస్తాయని కాదు. కొన్ని బ్యాంకులు రెండో కార్డుకు విడిగా లిమిట్ ఇస్తాయి. కొన్ని ట్యాంకు ఒక్కటే ఉంచి, కొత్త కార్డు వంకతో ఆదాయం మళ్లీ చూసి ట్యాంకు సైజు పెంచుతాయి. ఇంకొన్ని, ఒక కార్డుకు 60 వేలలో 35, ఇంకోదానికి 25 అని విడగొడతాయి. ఏది జరిగిందో తెలియాలంటే, ఒక కార్డు మీద ఖర్చు పెట్టాక రెండోదాని మిగులు తగ్గిందా లేదా అని చూస్తే చాలు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. మన విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో అమెరికాలో పిల్లలున్న ఇళ్లు చాలా ఉన్నాయి. "రెండో కార్డు తీసుకో నాన్నా, మొత్తం లిమిట్ పెరుగుతుంది, స్కోరుకు మంచిది" అని వాళ్లు ఫోన్లో చెబుతుంటారు. స్కోరంటే, అప్పులు తీర్చే తీరుకు ఇచ్చే మార్కులు. అక్కడ అది సబబైన మాటే. అమెరికా బ్యాంకులు సాధారణంగా కార్డు కార్డుకూ విడి లిమిట్ ఇస్తాయి. ఒక కార్డు లిమిట్‌లో కొంత తీసి, అదే బ్యాంకులో ఉన్న ఇంకో కార్డుకు మార్చమని అడిగే వీలు కూడా కొన్ని చోట్ల ఉంటుంది. ఇక్కడి ఉమ్మడి లిమిట్ పద్ధతిలో ఆ సలహాకు అర్థం మారిపోతుంది.

'మన బ్యాంక్' అన్న నమ్మకం ఎక్కణ్నుంచి వచ్చింది

బాబాయి ఆశ ఊరికే పుట్టింది కాదు. ఈ ప్రాంతంలో బ్యాంకంటే మనుషులు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంక్‌ను కృష్ణా, గుంటూరు జిల్లాల్లో చాలామంది సొంత ఇంటి సంస్థలా చూసుకున్నారు. దేశంలో తొలినాళ్లలోనే, 1981లో, క్రెడిట్ కార్డు తెచ్చిన బ్యాంకుల్లో అదొకటి. అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసింది. బోర్డు మారినా 'మా ఆంధ్రా బ్యాంకు' అని ఇప్పటికీ అనే పెద్దవాళ్లు ఉన్నారు.

ఆ రోజుల్లో బ్రాంచి మేనేజరుకు మీ కుటుంబం తెలుసు, పొలం తెలుసు, మాట మీద నిలబడే మనిషా కాదా అన్నదీ తెలుసు. ఆయన సంతకానికి బలముండేది. ఇప్పుడు కార్డుల నిర్ణయం చాలావరకు బ్రాంచిలో జరగదు. ఎక్కడో ఒక కేంద్రంలో, ముందే రాసిపెట్టిన షరతుల ప్రకారం కంప్యూటర్ లెక్క కడుతుంది. అది మీ ఖాతా వయసును చూడదని కాదు, చూస్తుంది. కానీ దానికి అది చాలా అంశాల్లో ఒకటి మాత్రమే. ఖాతా పాతదైతే కేవైసీ, అంటే గుర్తింపు, చిరునామా పత్రాలు, కుదురుగా ఉందని, మనిషి ఊరు వదిలి పోలేదని తెలుస్తుంది. నెలకు ఎంత అప్పు తీర్చగలడో మాత్రం ఖాతా వయసు చెప్పలేదు.

ఒక్కో రకం బంధం బ్యాంకుకు ఒక్కో సంగతి చెబుతుంది

'ఆ బ్యాంకుతో నాకు సంబంధం ఉంది' అని మనం ఒక్క మాటలో అంటాం. బ్యాంకు దాన్ని ముక్కలుగా చూస్తుంది.

అన్నింటిలోకీ బరువైనది జీతం ఖాతా. ప్రతి నెలా ఒకే సంస్థ నుంచి, ఒకే తేదీకి, ఇంచుమించు ఒకే మొత్తం పడుతుంటే బ్యాంకు వేరే కాగితం అడగనవసరం లేదు. కోడలికి నెలకు 85 వేలు పడుతోంది. మొదటి కార్డు లిమిట్ నెల జీతానికి రెండు మూడు రెట్లు ఇవ్వడం చాలా చోట్ల వినిపించే లెక్క. ఆమె విషయంలో ఆ లెక్కే రెండున్నర లక్షల దగ్గర తేలింది. బాబాయి పెన్షన్ నెలకు 42 వేలు. అదే లెక్కన ఆయనకూ లక్ష దాటాలి. కానీ ఆ కార్డు ఏడేళ్ల కిందట ఇచ్చినప్పటి లిమిట్‌తోనే ఉండిపోయింది. పైగా చాలా బ్యాంకులు కొత్తగా తాకట్టు లేని అప్పు పెంచడానికి 60, 65 అంటూ వయసు హద్దులు పెట్టుకుంటాయి.

తర్వాతది సేవింగ్స్‌లో ఉండే నిల్వ. ఇక్కడ బ్యాంకు చూసేది ఇవాళ ఎంత ఉందన్నది కాదు, నెల పొడుగునా సగటున ఎంత నిలుస్తోందన్నది. భూమి అమ్మిన డబ్బు 30 లక్షలు వచ్చి పడి వారంలో వెళ్లిపోతే దానికి పెద్ద విలువ ఉండదు. ఎప్పుడూ 70, 80 వేలు తగ్గకుండా ఉండే ఖాతాకే ఎక్కువ మర్యాద.

ఎఫ్‌డీల దగ్గరే ఎక్కువమంది తికమక పడతారు. 11 లక్షలు వాళ్ల దగ్గరే ఉన్నప్పుడు లక్ష లిమిట్ ఇవ్వడానికి భయమేమిటి? బ్యాంకు వైపు నుంచి చూస్తే, ఆ ఎఫ్‌డీ మీద కార్డు విభాగానికి ఏ పట్టూ రాసివ్వలేదు. బాబాయి రేపు వెళ్లి ఎఫ్‌డీలన్నీ రద్దు చేసి అమ్మాయి పెళ్లికి వాడేసుకోవచ్చు. ఎఫ్‌డీ ఉందన్న సంగతి మనిషి పొదుపరి అని మాత్రమే చెబుతుంది. అదే ఎఫ్‌డీని కార్డుకు హామీగా రాసిస్తే, అంటే దాని మీద లీన్ పెట్టించుకుంటే, కథ పూర్తిగా మారుతుంది. అప్పుడు ఆదాయం పత్రాలు పెద్దగా అడగరు, సిబిల్ చరిత్ర, అంటే పాత అప్పులు తీర్చిన రికార్డు, లేకపోయినా ఇస్తారు. ఎఫ్‌డీ మొత్తంలో 75 నుంచి 90 శాతం దాకా లిమిట్ ఇవ్వడం మామూలు. 2 లక్షల ఎఫ్‌డీకి 80 శాతం లెక్కన లిమిట్ లక్షా 60 వేలు. ఎఫ్‌డీకి వడ్డీ వస్తూనే ఉంటుంది, కానీ కార్డు ఉన్నన్నాళ్లూ దాన్ని రద్దు చేసుకోలేరు. బిల్లు కట్టకపోతే బ్యాంకు ఆ ఎఫ్‌డీలోంచే తీసుకుంటుంది.

వ్యాపారులకు ఉండే కరెంట్ ఖాతా ఇంకో రకం చిక్కు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక షెడ్డు యజమానిని తీసుకుందాం. ఖాతాలో ఏడాదికి 60 లక్షలు తిరుగుతాయి, అంతా బ్యాంకు ద్వారానే. చిన్న వ్యాపారులకు ఉన్న అంచనా ఆదాయం పద్ధతిలో రిటర్ను వేస్తారు. అందులో డిజిటల్‌గా వచ్చిన టర్నోవర్ మీద కనీసం 6 శాతం లాభం చూపితే చాలు. అంటే 3 లక్షల 60 వేలు, నెలకు 30 వేలు. ఆయన కంటికి తన వ్యాపారం 60 లక్షలది. కార్డు లెక్క కట్టే కంప్యూటర్ కంటికి ఆయన నెలకు 30 వేలు సంపాదించే మనిషి. పన్ను తగ్గించిన ఆ సంఖ్యే లిమిట్‌నూ తగ్గిస్తుంది. కరెంట్ ఖాతా ఉన్న బ్యాంకైతే ఆ తిరుగుడును కళ్లారా చూస్తుంది కాబట్టి కొంత ఎక్కువ ఇవ్వవచ్చు. కొత్త బ్యాంకుకు కనిపించేది రిటర్ను ఒక్కటే.

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారులది దీనికన్నా చిత్రమైన పరిస్థితి. సీజన్లో టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగే నాలుగు నెలలు ఖాతాలో కోట్లు కదులుతాయి, అందులో ఎక్కువ భాగం రైతులది. కోటి రూపాయల సరుకు అమ్మి నూటికి రెండు రూపాయల కమీషన్ అనుకుంటే, వ్యాపారి సొంతం 2 లక్షలు. ఆగస్టులో అదే ఖాతా చూస్తే నిద్రపోతున్నట్టు ఉంటుంది. నెలవారీ సగటు మీద నడిచే లెక్కకు ఈ బతుకు తీరు అర్థం కావడం కష్టం.

చివరిది, అన్నింటికన్నా నమ్మకమైన సాక్ష్యం: అదే బ్యాంకు కార్డును ఇప్పటికే ఎలా వాడుతున్నారన్నది. ప్రతి నెలా కొంత ఖర్చు పెట్టి, బిల్లు మొత్తం కట్టే మనిషికి కొన్నాళ్లకు 'లిమిట్ పెంచుకుంటారా' అన్న సందేశం వస్తుంది. బాబాయికి ఎందుకు రాలేదు? ఆయన స్టేట్‌మెంట్లు నేను చూశాను. నెలకు సగటున 3 వేలకు మించి వాడలేదు. 60 వేలలో 3 వేలు వాడే మనిషికి లక్షన్నర అవసరమని లెక్కకు తోచదు. జాగ్రత్తగా ఉండటం మంచి గుణమే, కానీ పెంచమని చెప్పే సంకేతం అందులోంచి వెళ్లదు.

వేరే బ్యాంకుకు వెళితే ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు

బాబాయి పక్క వీధిలోని ఇంకో బ్యాంకులో రెండో కార్డు అడిగారనుకుందాం. ఆ బ్యాంకు క్రెడిట్ సమాచార సంస్థల నుంచి రిపోర్టు తెప్పించుకుంటుంది. మనం అన్నింటినీ కలిపి 'సిబిల్' అంటాం కానీ, మన దేశంలో ఇలాంటివి నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్ఐఎఫ్ హై మార్క్. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. ఏడాదికోసారి ప్రతి సంస్థా మన పూర్తి రిపోర్టును మనకు ఉచితంగా ఇవ్వాలి.

ఆ రిపోర్టులో ఉండేవి అప్పుల సంగతులు మాత్రమే. ఎన్ని కార్డులు, వాటి లిమిట్లు, ఇప్పుడున్న బాకీ, ఏ నెలలో ఎన్ని రోజులు ఆలస్యం, హోం లోన్, బంగారం లోన్, ఈమధ్య ఎవరెవరు రిపోర్టు చూశారు. సేవింగ్స్ నిల్వ, ఎఫ్‌డీలు, ఖాతాలో జీతం, పెన్షన్ పడే తీరు అందులో ఉండవు. అంటే బాబాయి 11 లక్షల ఎఫ్‌డీలు కొత్త బ్యాంకుకు కనబడవు. ముప్పై ఏళ్ల ఖాతా కూడా కనబడదు. ఏడేళ్ల కార్డు, 60 వేల లిమిట్, ఆలస్యం లేని చెల్లింపులు, ఇవే కనిపిస్తాయి. పాత బంధంలోంచి బయటి బ్యాంకు దాకా నడిచి వెళ్లగలిగేది ఈ ఒక్క భాగమే.

ఏజెంట్లు 'కార్డ్ టు కార్డ్' అనేది దీని మీదే నడుస్తుంది. జీతం పత్రాలు లేకున్నా, వేరే బ్యాంకు కార్డు ఏడాదికి పైగా సక్రమంగా నడుస్తుంటే, ఆ కార్డు లిమిట్‌ను కొలతగా తీసుకుని కొత్త కార్డు ఇస్తారు. పాత బ్యాంకు ఇచ్చిన చిన్న లిమిట్ ఇలా కొత్త బ్యాంకు లిమిట్‌నూ చిన్నగానే ఉంచుతుంది. నాకు ఈ పద్ధతిలో అన్యాయంగా తోచేది ఇదే.

రిజర్వ్ బ్యాంకు 2022లో ఇచ్చిన క్రెడిట్ కార్డు నిబంధనల్లో దీనికి నేరుగా సంబంధించిన మాట ఉంది. ఎక్కువ కార్డులుంటే మనిషి చేతిలో ఉన్న మొత్తం అప్పు హద్దు పెరుగుతుంది కాబట్టి, కొత్త లిమిట్ తేల్చేటప్పుడు వేరే సంస్థల దగ్గర అతనికున్న లిమిట్లన్నీ లెక్కలోకి తీసుకోవాలని అది చెబుతుంది. దరఖాస్తుదారుడి సొంత ఆర్థిక స్తోమతను విడిగా అంచనా వేయాలని, దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలని కూడా ఉంది.

దీన్ని లెక్కలో పెట్టి చూద్దాం. ఒక బ్యాంకు కోడలికి తాకట్టు లేని కార్డు అప్పు మొత్తం మీద 4 లక్షల దాకా ఇవ్వవచ్చని అంచనా వేసిందనుకుందాం. ఆమెకు ఇప్పటికే వేరే చోట రెండున్నర లక్షల లిమిట్ ఉంది. కొత్త బ్యాంకు మిగిలిన లక్షన్నరకు అటూ ఇటూగా ఆలోచిస్తుంది. ఆమె ఆ రెండున్నర లక్షల్లో పది వేలే వాడుతున్నా సరే, ఆ లిమిట్ మొత్తం ఆమె ఖాతాలోనే లెక్క.

స్కోరు వైపు మాత్రం ఇదే సంగతి ఇంకోలా పనిచేస్తుంది. 60 వేల లిమిట్‌లో 30 వేలు వాడితే వాడకం 50 శాతం. వేరే బ్యాంకులో ఇంకో 90 వేల కార్డు వచ్చాక అదే 30 వేలు వాడితే, లక్షా 50 వేలలో 20 శాతం. వాడకం శాతం తక్కువగా ఉండటం స్కోరుకు మంచిదే. ఎక్కువ లిమిట్ స్కోరుకు సాయం చేస్తూనే, తర్వాతి కార్డుకు చోటు తగ్గించడం ఒకేసారి జరుగుతుంది.

ఒకే పేరు, వేరు కంపెనీ

ఎస్‌బీఐలో ఖాతా ఉన్నవాళ్లు చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఎస్‌బీఐ కార్డు ఇచ్చేది స్టేట్ బ్యాంకు కాదు. ఎస్‌బీఐ కార్డ్స్ అనే వేరే కంపెనీ, స్టేట్ బ్యాంకుకు అనుబంధ సంస్థ. 2020 మార్చిలో స్టాక్ మార్కెట్లో నమోదైంది. బ్యాంకు బ్రాంచిలో కార్డు దరఖాస్తు తీసుకోవచ్చు, కానీ లిమిట్ నిర్ణయం ఆ కంపెనీది. ఆన్‌లైన్ షాపుల పేరుతో వచ్చే కార్డులది దీనికి తిరగేసిన పరిస్థితి. కార్డు మీద షాపు పేరు పెద్దగా ఉన్నా లిమిట్ ఇచ్చేది వెనకున్న బ్యాంకే. ఆ బ్యాంకులో మీకు ఇప్పటికే కార్డు ఉంటే కొత్తది పాత ట్యాంకుకే కలవవచ్చు.

బంధమే లిమిట్‌ను తగ్గించే సందర్భాలు

ఎక్కువ సంబంధం ఉంటే ఎక్కువ లిమిట్ అన్నది అన్నిసార్లూ నిజం కాదు. పటమటలో ఉండే ఒక ఉద్యోగికి చేతికొచ్చే జీతం 80 వేలనుకుందాం. అదే బ్యాంకులో హోం లోన్ ఈఎంఐ 30 వేలు, కారుకు 9 వేలు. నెల నెలా కట్టాల్సినవన్నీ జీతంలో సగం దాటకూడదని బ్యాంకు హద్దు పెట్టుకుంటే, 40 వేలలో 39 వేలు ముందే నిండిపోయాయి. ఆ బ్యాంకుకు ఆయన మంచి ఖాతాదారుడే, కానీ కార్డుకు చోటు లేదు. లోన్ తీరిన ఏడాది అదే మనిషికి అదే బ్యాంకు అడక్కుండానే లిమిట్ పెంచుతాననవచ్చు.

ఇంకొకటి, డబ్బూ అప్పూ ఒకే చోట ఉంటే కార్డు బాకీ పడినప్పుడు అదే బ్యాంకులోని ఖాతా నుంచి ఆ డబ్బు తీసుకునే హక్కు తమకుందని బ్యాంకులు కార్డు షరతుల్లో రాసుకుంటాయి. బ్యాంకర్లకు సాధారణ లీన్ హక్కును 1872 నాటి కాంట్రాక్టు చట్టం 171వ సెక్షనే గుర్తించింది. దగ్గరి సంబంధం వల్ల బ్యాంకు ధైర్యంగా లిమిట్ ఇవ్వడానికి ఇదొక కారణం. కొంతమంది ఖాతా ఒక బ్యాంకులో, కార్డు వేరే బ్యాంకులో పెట్టుకోవడానికి కారణం కూడా ఇదే.

లిమిట్ తగ్గడం కూడా జరుగుతుంది. వేరే చోట ఒక ఈఎంఐ తప్పినా, ఇక్కడి కార్డు లిమిట్ కోసే బ్యాంకులున్నాయి. తగ్గిస్తే ఆ సంగతి కార్డుదారుకు తెలపాలి. మంజూరైన లిమిట్‌ను దాటనివ్వాలంటే మాత్రం ముందే స్పష్టమైన అనుమతి తీసుకోవాలి.

నమ్మకానికి విలువ ఉండాలా: రెండు వాదనలు

బ్యాంకుల వైపు మాట ఇది. కార్డు అప్పు తాకట్టు లేనిది, మునిగితే మొత్తం మునుగుతుంది. 2023 నవంబరులో రిజర్వ్ బ్యాంకు దాని రిస్క్ బరువును, అంటే ఆ అప్పుకు ఎంత సొంత డబ్బు పక్కన పెట్టాలో తేల్చే కొలతను, బ్యాంకులకు 125 శాతం నుంచి 150 శాతానికి పెంచింది. కనీస మూలధనం 9 శాతం లెక్కన, వంద రూపాయల కార్డు బాకీకి అంతకుముందు 11 రూపాయల 25 పైసల సొంత డబ్బు పక్కన పెట్టాల్సిన బ్యాంకు, ఆ తర్వాత 13 రూపాయల 50 పైసలు పెట్టాల్సి వచ్చింది. అలాంటప్పుడు మొహమాటంతో లిమిట్లు పెంచలేరు. అదీకాక, మేనేజరు సంతకం మీద నడిచిన రోజుల్లో పలుకుబడి ఉన్నవాళ్లకే అప్పు దొరికేది. పేటలో ఎవరూ తెలియని కొత్త ఉద్యోగికి ఈ కంప్యూటర్ లెక్కే తలుపు తెరిచింది. కోడలే అందుకు ఉదాహరణ. ఈ మాటలో బలముంది.

ఖాతాదారుల వైపు మాట ఇంకోటి. ముప్పై ఏళ్ల డిపాజిట్లతో బ్యాంకు ఎంతోమందికి అప్పులిచ్చి సంపాదించుకుంది. ఆ డిపాజిట్లు పెట్టిన మనిషి అడిగినప్పుడు కనీసం ఎందుకు ఇవ్వలేదో అర్థమయ్యేలా చెప్పాలి కదా? నెలజీతం లేని గృహిణులు, రైతులు, సీజన్ వ్యాపారులు లెక్కకు దొరకరు కాబట్టి వాళ్ల నిజాయితీ కూడా లెక్కకు దొరకదు. నాకు ఈ రెండో మాట దగ్గర మనసు ఆగుతుంది. లిమిట్ ఇవ్వాల్సిందే అని కాదు. 'సిస్టమ్ ఇస్తుంది' అన్న ఒక్క మాటతో పెద్దాయనను తిప్పి పంపడం తగదని.

ఈ దూరాన్ని తగ్గించగలిగేది ఒకటి వచ్చింది. 2021 సెప్టెంబరు నుంచి నడుస్తున్న అకౌంట్ అగ్రిగేటర్ పద్ధతిలో, మీరు ఒప్పుకుంటే, ఒక బ్యాంకులోని మీ ఖాతా వివరాలు డిజిటల్‌గా ఇంకో బ్యాంకుకు వెళతాయి. ఎంతకాలానికి, ఏ పనికి అన్నది మీ అనుమతిలోనే ఉంటుంది. సిబిల్ రిపోర్టులో లేని పెన్షన్, నిల్వ, ఎఫ్‌డీ అప్పుడు కొత్త బ్యాంకు కంటికి ఆనుతాయి. ఆటోనగర్ యజమాని 60 లక్షల తిరుగుడు కూడా. అయితే చూపించడం వేరు, దాన్ని బట్టి లిమిట్ ఇవ్వడం వేరు. ఆ నిర్ణయం మళ్లీ ఆ బ్యాంకు షరతులదే.

ఇదంతా బాబాయికి ఒక ఆదివారం కాగితం మీద లెక్కలు వేసి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. ఎఫ్‌డీ రాసిస్తే లక్షా 60 వేలు వస్తుందన్న చోట ఆగి, ఏ ఎఫ్‌డీ అని అడిగారు. 2 లక్షలది ఒక్కటే ఉంది, పిన్ని మోకాలి ఆపరేషన్‌కని పెట్టినది. కాసేపు ఆ కాగితం చూసి, దాన్ని మడిచి పాస్‌బుక్‌లో పెట్టుకున్నారు. పెట్రోలు కార్డు వాడుతున్నారు, లిమిట్ 60 వేలే.